కొత్త సబ్ వూఫర్ నిజంగా ‘ఓపెన్’ అవ్వాలా?

మా చిన్నమ్మ కొడుకు హనుమకొండ నుంచి ఫోన్ చేశాడు. కారు డిక్కీలో రెండు 10 అంగుళాల సబ్ వూఫర్లు (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్లు) పెట్టించుకుని అప్పటికి వారం. “అన్నా, బేస్ అస్సలు వస్తలేదు. షాపాయన్ని అడిగితే కొత్తయి కదా, ఇంకా ఓపెన్ కాలేదు, 50 గంటలు వాయించు గప్పుడు చూడు అంటున్నడు. నిజమేనా?” అని అడిగాడు. నేను ఆఫీసులో మీటింగ్‌కి వెళ్తూ ఉన్నాను. “మొదట్లో కొంచెం బిగుతుగా ఉంటాయిరా, వాడుతుంటే వదులవుతాయి, సాయంత్రం మాట్లాడదాం” అని పెట్టేశాను. ఆ సాయంత్రం నేను చేయలేదు, వాడూ చేయలేదు.

మళ్ళీ రెండు వారాలకు ఫోన్. ఈసారి గొంతులో టెన్షన్ తెలుస్తోంది. “అన్నా, ఒకదాంట్ల ఏదో గీసుకుపోతున్నట్టు సౌండ్ వస్తున్నది.” షాపు వాళ్ళు మార్చి ఇస్తామన్న గడువు 15 రోజులు. అది దాటిపోయి అప్పటికే వారం అవుతోంది.

నేను చెప్పింది అబద్ధం కాదు, షాపాయన చెప్పింది కూడా పూర్తిగా అబద్ధం కాదు. అయినా వాడి సమస్యకి, ఆ మాటకి ఏ సంబంధమూ లేదు. కొత్త సబ్ మారుతుంది, అది నిజం. కానీ ఆ మార్పు ఎంత, ఎంతసేపట్లో జరుగుతుంది, దానివల్ల వినేవాడి చెవికి ఏం తేడా పడుతుంది అన్నది ఎవరూ చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనకు ఈ మాట ఇంత తేలిగ్గా ఎక్కడానికి కారణం బళ్ళే అనుకుంటాను. కొత్త బైక్ కొంటే మొదటి 500 కిలోమీటర్లు స్పీడు పెంచొద్దు అని నాన్నలు, బాబాయిలు చెప్పగా విని పెరిగాం. ఇంజిన్‌కి వర్తించేది స్పీకర్‌కి మాత్రం ఎందుకు వర్తించదు అనిపిస్తుంది. అయితే ఇంజిన్‌లో లోహం లోహంతో రాసుకుని అరుగుతుంది. సబ్ వూఫర్ సరిగ్గా ఉన్నప్పుడు అందులో ఏదీ దేనితోనూ రాసుకోదు, రాసుకుందంటే పాడైనట్టే. అందులో జరిగేది వేరే పని.

సబ్‌ని బాక్సులోంచి ఊడదీసి వెనకవైపు నుంచి చూస్తే ఇనుప చట్రం సందుల్లోంచి పసుపు రంగులోనో నలుపు రంగులోనో, మడతలు మడతలుగా ఉన్న గుండ్రటి గుడ్డ కనిపిస్తుంది. దాన్ని స్పైడర్ అంటారు. నూలు గుడ్డనో అలాంటి ఇంకో గుడ్డనో రెజిన్ అనే గట్టిపడే జిగురులో ముంచి, వేడి అచ్చులో నొక్కి ఆ మడతలు తెస్తారు. ముందు ఊగే గరాటు లాంటి భాగం కోన్, దాని వెనక అతికించిన తీగ చుట్ట కాయిల్. కోన్ ముందుకి వెనక్కి ఆడినా కాయిల్ పక్కకి జరగకుండా మధ్యలో పట్టి ఉంచేది, ఆడిన కోన్‌ని మళ్ళీ మొదటి చోటికి లాగేది ముఖ్యంగా ఇదే. ముందువైపు కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు, అంటే సరౌండ్, దీనికి తోడు.

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుంటే మొదటి పది నిమిషాలు ఎలా ఉంటుంది? అట్టలా నిలబడి ఉంటుంది. నాలుగడుగులు వేసి, ఒకసారి కూర్చుని లేస్తే మడత పడే చోట గంజి విరిగి గుడ్డ మెత్తబడుతుంది. స్పైడర్‌లో జరిగేది అదే. దారాల మధ్య పట్టుకుని ఉన్న రెజిన్ కోన్ బాగా ఆడిన మొదటి కాసేపట్లో సన్నగా విరుగుతుంది, గుడ్డ కొంచెం వదులవుతుంది. పంచె మెత్తబడడానికి నెల రోజులు పట్టదు, దీనికీ పట్టదు.

ఇది నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. రెండేళ్ళ క్రితం కోఠి గుజరాతీ గల్లీలో ఒక 12 అంగుళాల సబ్ డ్రైవర్ కొన్నాను. బాక్సు నేనే చేయించుకోవాలని. ఇంటికి తెచ్చి అట్టపెట్టె విప్పగానే చేసిన మొదటి పని కొలవడం.

కొలవడం అంటే పెద్ద ల్యాబు అక్కర్లేదు. యాంప్లిఫయర్ (యాంప్) నుంచి వచ్చే ప్లస్ వైరుకి, సబ్‌కి మధ్య ఒక 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. రూపాయి రెండు రూపాయల వస్తువు. సబ్‌ని బల్ల మీద నిలువుగా నిలబెట్టి, అటూ ఇటూ కదలకుండా రెండు పాత పుస్తకాల కట్టల మధ్య ఇరికించాను. మల్టీమీటర్ పిన్నులు సబ్ టెర్మినల్స్‌కి తగిలించి ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టాను (చవక మీటర్లలో ఏసీ 200 వోల్టుల రేంజ్ దగ్గరే మొదలవుతుంది, వాటితో ఈ పని కాదు, మిల్లీవోల్టులు చూపించేది కావాలి). ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఊపులు) నుంచి ఒక్కొక్క అంకె కిందికి దించుతూ వచ్చాను. మీటర్‌లో అంకె మెల్లగా పెరుగుతూ, పెరుగుతూ, ఒకచోట శిఖరానికి చేరి మళ్ళీ దిగుతుంది. ఆ శిఖరం దగ్గరి ఫ్రీక్వెన్సీయే ఆ సబ్ రెజొనెన్స్, అంటే అది తనంతట తాను ఊగే వేగం. కంపెనీ అంకెలు రాసిచ్చే స్పెక్ షీట్‌లో ఎఫ్ఎస్ అని ఉండేది ఇదే.

మన ఇళ్ళల్లో పసిపిల్లలకి కట్టే స్ప్రింగు ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. బిడ్డ బరువు అదే, స్ప్రింగు గట్టిదైతే టకటకా పైకీ కిందికీ ఊగుతుంది, మెత్తదైతే నిదానంగా ఊగుతుంది. సబ్‌లో కోన్, కాయిల్ బరువు మారదు. కాబట్టి ఎఫ్ఎస్ తగ్గిందంటే స్ప్రింగు, అంటే స్పైడర్, మెత్తబడిందని అర్థం.

పెట్టెలోంచి తీసినప్పుడు నాకు వచ్చింది 35 హెర్ట్జ్. రెసిస్టర్ తీసేసి 20 హెర్ట్జ్ టోన్ పెట్టి, కోన్ కంటికి స్పష్టంగా ఊగేంత వాల్యూమ్‌లో పది నిమిషాలు వదిలేశాను. మళ్ళీ కొలిస్తే 31.5. ఇంకో రెండు గంటలు ఆడించాక 30. ఇక అక్కడి నుంచి కదల్లేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగి మళ్ళీ కొలిచాను, 31. అంటే రాత్రంతా ఊరికే ఉంటే స్పైడర్ కొంచెం వెనక్కి బిగుసుకుంది. స్పెక్ షీట్ తీసి చూస్తే అందులోనూ 31 అనే ఉంది. తయారుచేసే వాళ్ళలో చాలామంది సబ్‌ని ముందు కాసేపు ఆడించాకే కొలిచి ఆ అంకెలు రాస్తారు, అందుకే పెట్టెలోంచి తీసిన సబ్‌ని కొలిచినవాడికి అంకెలు కలవవు.

35 నుంచి 30 అంటే బిగువు దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు. ఇంత పెద్ద అంకె చూస్తే షాపాయనే కరెక్ట్ అనిపిస్తుంది కదా. నాకూ ఆ రోజు అలాగే అనిపించింది. కానీ ఒకటి గమనించండి, ఆ మార్పులో చాలా భాగం మొదటి పది నిమిషాల్లోనే అయిపోయింది. 50 గంటల్లో కాదు. ఇంకొకటి, నేను కొలిచింది బయట గాలిలో, బాక్సు లేకుండా. సబ్‌ని మనం బల్ల మీద పెట్టుకుని వినం.

సైకిల్ పంపు మూతి వేలితో మూసి పిడి నొక్కితే ఏమవుతుంది? లోపలి గాలే స్ప్రింగులా వెనక్కి తంతుంది. మూసిన బాక్సులో పెట్టిన సబ్ వెనక ఉన్న గాలి చేసేది అదే పని. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకర్‌తో బయటికి తెచ్చిన ఆలోచన ఇదే. గుడ్డనీ రబ్బరునీ నమ్ముకోకుండా, కోన్‌ని వెనక్కి లాగే పని ఎక్కువగా బాక్సులోని గాలికే అప్పజెప్పాడు. గాలికి గంజి ఉండదు, అది వాడగా వాడగా మెత్తబడదు. తర్వాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో రాసిన పేపర్ల వల్ల ఈ లెక్క అంతా మనం కాగితం మీద వేసుకునే స్థితికి వచ్చింది. ఈ రోజు ఏ సబ్ స్పెక్ షీట్ తీసినా కనిపించే అంకెల్ని థీల్-స్మాల్ పారామీటర్లు అనేది అందుకే.

ఆ లెక్క నా సబ్‌కి వేశాను. బాక్సు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. సబ్ కొత్తగా ఉన్నప్పుడు దాని వాస్ (స్పైడర్, సరౌండ్ కలిపి ఎంత బిగువో సరిగ్గా అంతే బిగువు చూపించే గాలి పరిమాణం) 40 లీటర్లు. అంటే కోన్‌ని వెనక్కి లాగే మొత్తం బిగువులో నూటికి దాదాపు 60 పాళ్ళు బాక్సు గాలిదే, మిగతా 40 మాత్రమే స్పైడర్‌ది, సరౌండ్‌ది. ఇప్పుడు ఆ 40లో నాలుగో వంతు తగ్గింది. ఉయ్యాలకి పక్కపక్కనే రెండు స్ప్రింగులు కట్టి, వాటిలో చిన్నది కొంచెం సాగితే ఎంత తేడా వస్తుందో అంతే. బాక్సులో పెట్టాక రెజొనెన్స్ కొత్తప్పుడు 54.5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఆడించాక 51.5 దగ్గర. బయట 5 హెర్ట్జ్ తేడా బాక్సులో 3 అయింది.

సౌండ్‌లో ఎంత? 40 హెర్ట్జ్ దగ్గర లెక్క కడితే డెసిబెల్‌లో మూడో వంతు. ఇంకా లోతుకి, 25 హెర్ట్జ్‌కి వెళ్తే ముప్పావు డెసిబెల్. అంతే. చెవి లోతు బేస్‌లో చిన్న తేడాలని కూడా పట్టుకుంటుంది కాబట్టి ముప్పావు డెసిబెల్‌ని నేను సున్నా అనను. పక్కపక్కన రెండు సబ్‌లు పెట్టి, ఒకటి కొత్తది, ఒకటి ఆడించినది, మారుస్తూ వినిపిస్తే చెవి బాగా ఉన్నవాడు పట్టుకోవచ్చు. కానీ బేస్ అసలు లేని సబ్‌కి బేస్ తెప్పించే తేడా మాత్రం ఇది కాదు. పై బేస్‌లో, అంటే 80 హెర్ట్జ్ ఆ పైన, ఏ తేడా ఉండదు, ఎందుకంటే స్పైడర్ వదులైనా సబ్ సామర్థ్యం మారదు.

పోర్ట్, అంటే గాలి గొట్టం, ఉన్న బాక్సులో అయితే ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ, అంటే ఆ గొట్టం బేస్‌కి బలమిచ్చే ఫ్రీక్వెన్సీ, బాక్సు సైజు, గొట్టం పొడవు, వెడల్పు మీద ఆధారపడి ఉంటుంది. సబ్ ఎంత వదులైనా అది కదలదు.

ఈ మార్పు నిజంగా పట్టించుకోవాల్సిన వాళ్ళు ఒకరున్నారు, బాక్సు డిజైన్ చేసుకునేవాళ్ళు. పెట్టెలోంచి తీసి వెంటనే కొలిచి ఆ అంకెలతో బాక్సు చేయించుకుంటే లెక్క తప్పుతుంది. రెండు గంటలు ఆడించి, ఒక రాత్రి వదిలేసి, అప్పుడు కొలవండి. నేను నా బాక్సు అలాగే చేయించాను, కార్పెంటర్‌కి కొలతలు ఇవ్వడం ఒక రోజు ఆలస్యం అయింది, అంతకంటే నష్టం లేదు.

మరి “నెల రోజులు వాడాక మా సబ్ ఎంత బాగా అయిందో” అని అంతమంది ఎందుకు చెప్తారు? వాళ్ళు అబద్ధం చెప్తున్నారని నేను అనుకోను. ఆ నెల రోజుల్లో సబ్ ఒక్కటే మారదు. యాంప్ మీద గెయిన్ నాబ్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టేది) రెండుసార్లు తిప్పుతారు, క్రాసోవర్ (సబ్‌కి ఎన్ని హెర్ట్జ్ వరకు పంపాలో పెట్టేది) 120 నుంచి 80కి తెస్తారు, సబ్‌ని ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుపుతారు, అన్నిటికంటే ముఖ్యంగా చెవి ఆ సౌండ్‌కి అలవాటు పడుతుంది. ఇంకా వాతావరణం కూడా ఉంది. రబ్బరు చలికి బిగుస్తుంది, ఎండకి మెత్తబడుతుంది. డప్పుని మంట దగ్గర కాచితే తోలు బిగుసుకుంటుంది, సరౌండ్ దానికి సరిగ్గా తిరగబడి. జనవరి పొద్దున్నే డిక్కీలో ఉన్న సబ్‌కి, మే మధ్యాహ్నం అదే డిక్కీలో ఉన్న అదే సబ్‌కి మధ్య తేడా ప్రతి ఏడాదీ వస్తూ పోతూ ఉంటుంది. దాన్ని ఎవరూ ఓపెన్ అవ్వడం అనరు.

ఇంట్లో అయితే గది చేసే పని ముందు ఇవన్నీ చిన్నవి. మా హాలు 12 అడుగులు ఇంటూ 10 అడుగులు, ఎత్తు కూడా 10. 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది (గదిలో ఒకచోట మోతగా, ఇంకోచోట దాదాపు వినపడకుండా), 10 అడుగుల మధ్య 56 దగ్గర. వెడల్పు, ఎత్తు ఒకటే కావడంతో ఆ 56 రెండు రెట్లు ఇబ్బంది. మన ఇళ్ళు ఇటుక, సిమెంటు, కింద టైల్స్, బేస్ బయటికి పోయే దారి లేదు. మొదట సబ్‌ని టీవీ పక్క మూలలో పెట్టాను. సోఫాలో కూర్చుంటే బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి, వంటింటి గుమ్మం దగ్గర మాత్రం స్టీలు గిన్నెల స్టాండు గలగలలాడుతోంది. అమ్మ వచ్చి “ఏంట్రా ఆ మోత, ప్లేట్లు కింద పడతాయి” అంటే, “నాకేమీ వినపడట్లేదమ్మా” అన్నాను. నిజంగానే వినపడట్లేదు. సబ్‌ని తెచ్చి సోఫా మీద, నేను కూర్చునే చోట పెట్టి, పాట వేసి, గోడల వెంట నేల మీద పాకుతూ ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తుందో చూసుకున్నాను. కిటికీ కింద, మూల నుంచి మూడడుగుల దూరంలో దొరికింది. సబ్‌ని అక్కడికి జరిపాక వచ్చిన తేడా వినడానికి చెవి బాగా ఉండక్కర్లేదు. ముప్పావు డెసిబెల్ కోసం నెల రోజులు ఎదురు చూసే బదులు మూడడుగులు జరిపి చూడండి.

ఇక మా తమ్ముడి సంగతి. రెండోసారి ఫోన్ వచ్చిన ఆ రాత్రే వీడియో కాల్ పెట్టించాను. వాడు చెప్పిన ఒక మాట నన్ను ఆపేసింది. “కోన్లు మస్తు ఊగుతున్నయన్నా, చూస్తే భయమైతది, కానీ బేస్ లేదు.” బిగుతుగా ఉన్న సబ్ ఊగదు. ఇవి ఎక్కువగా ఊగుతున్నాయి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి 20 హెర్ట్జ్ టోన్‌కి రెండు కోన్లూ కనిపించేలా వీడియో తీయమన్నాను. పంపాడు. ఒక కోన్ బయటికి వస్తుంటే రెండోది లోపలికి పోతోంది. మళ్ళీ మళ్ళీ చూశాను. ఒకటి బయటికి, ఒకటి లోపలికి.

ఒక సబ్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారు చేసి బిగించారు. రెండు సబ్‌లూ ఒకే బాక్సులో, మధ్యలో అడ్డుగోడ లేదు. ఒకటి గాలిని నెడితే రెండోది లాక్కుంటోంది, బయట కూడా అంతే, కాబట్టి బేస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయి. బాక్సు లోపల గాలి నొక్కుకోవడమే లేదు, కాబట్టి నేను పైన చెప్పిన ఆ గాలి స్ప్రింగు వీటికి లేనట్టే. కోన్‌ని ఆపేది స్పైడర్ ఒక్కటే మిగిలింది. పైగా షాపాయన చెప్పిన 50 గంటల లెక్క నమ్మి, బేస్ రావట్లేదని వాడు వాల్యూమ్ ఇంకా పెంచుతుంటే, మూడు వారాలు అలా కొట్టుకుంది. ఒకదాంట్లో స్పైడర్ చట్రానికి అంటించిన చోట ఒక పక్క ఊడిపోయింది. కాయిల్ పక్కకి ఒరిగి అయస్కాంతం సందులో గీసుకుంటోంది. వాడు విన్న ఆ సౌండ్ అదే.

షాపాయన కావాలని మోసం చేశాడని అనను. బిగించిన కుర్రాడి తొందర అయ్యుండొచ్చు. కానీ కస్టమర్ బేస్ లేదు అని వస్తే, డిక్కీ తెరిచి ఒక్కసారి వైర్లు చూడకుండా “ఓపెన్ అవుతుంది” అని పంపించడం తప్పు. ఆ మాటకి గడువు తిరిగి రాదు, 15 రోజులు దాటాక వారంటీ అంటే కంపెనీకి పంపాలి, ఎక్కువ వాల్యూమ్‌కి పోయింది అంటే అక్కడా ఇవ్వరు. ఫోన్‌లో ఆ ఒక్క ముక్క నేను కూడా చెప్పి ఉన్నాను, అది నన్ను బాధపెట్టింది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు అడిగేది ఎన్ని గంటలు వాయించావు అని కాదు, వైర్లు చూశావా అని.

చూడడం ఎంత సులువో చెప్తాను. యాంప్ వైర్లు తీసేసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ని సబ్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి ఉబకాలి. రెండు సబ్‌లుంటే బాక్సు బయట ఉన్న టెర్మినల్స్ దగ్గర నుంచి రెండిటికీ చేయండి, రెండూ ఒకే వైపు కదలాలి. అయిదు నిమిషాల పని. కొన్న రోజే చేయండి. తర్వాత 20, 25 హెర్ట్జ్ టోన్ మామూలు వాల్యూమ్‌లో ఒక గంట పెట్టండి, లేదా మీకిష్టమైన పాటలు ఒక సాయంత్రమంతా వినండి, అదీ అదే. ఆ తర్వాత కూడా బాగా లేదంటే, అది ఓపెన్ అవ్వక కాదు. బాక్సు సైజు సరిపోకపోవడమో, గెయిన్ తక్కువ పెట్టడమో, క్రాసోవరో, వైరింగో, సబ్ వూఫరే లోపంతో రావడమో. బిల్లు పట్టుకుని గడువులోపే షాపుకి వెళ్ళండి.

తమ్ముడు ఊడిన సబ్‌ని వరంగల్‌లో స్పీకర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కాయిల్ చూసి కాలలేదు, బాగానే ఉంది అని, స్పైడర్ మళ్ళీ అంటించి ఇచ్చాడు. కొత్త సబ్ ధరలో ఆరో వంతు కూడా కాలేదు. వైర్లు ఈసారి వాడే బిగించాడు, బ్యాటరీ తాకించి నాకు వీడియో చూపించాక. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. డిక్కీ మూసినా ముందు సీట్లో వీపుకి తగులుతోందట, కానీ వెనక నుంచి ఏదో గరగరమంటోంది, మళ్ళీ స్పైడర్ ఊడిందేమో అని భయపడుతున్నాడు. చేత్తో నంబర్ ప్లేటు గట్టిగా నొక్కి పట్టుకుని మళ్ళీ వినమన్నాను. గరగర ఆగిపోయింది. దాని వెనక రెండు ఫోమ్ ముక్కలు అంటించమని చెప్పాను.